ఎవరూ అడగని చోట పాట తీయొద్దన్న మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎప్పటిదో గ్రూప్ ఫొటోలోంచి ఆయన్ని కత్తిరించి, చుట్టూ పూలు పెట్టి, కింద ‘లెజెండ్’ అని రాశారు. ఆ కత్తిరించడమైనా సరిగ్గా చేతకాలేదు. ఆయన భుజం మీద ఇంకెవరిదో చెయ్యి అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నానికల్లా జూబ్లీ హిల్స్‌లో పేరున్న వాళ్లందరికీ ఆయన గురువైపోయారు. బతికుండగా ఆయన ఫోన్ చేస్తే ఎత్తని వాళ్లే వాళ్లలో ఎక్కువ. వెంగళరావు నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లింది మాత్రం ఒక ఆటోలో పట్టేంత మందిమే.

ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రైవేటు ఫిల్మ్ స్కూల్లో ఆయన మాకు పాఠాలు చెప్పేవారు. ‘మృదుస్వభావి’ అని ఎవరో రాస్తే చదివి నవ్వొచ్చింది. అంత చిరాకు మనిషిని నేను చూడలేదు. మేము తీసినవి చూస్తూ హాయిగా ఆవలించేవారు, చెయ్యి కూడా అడ్డం పెట్టుకునేవారు కాదు. ఎవరైనా డ్రోన్ షాటంటే, “గద్దల కోసం తీస్తున్నావా అమ్మా సినిమా?” అనేవారు. ఆ వెటకారం నాకూ అంటుకుంది. ఇది చదివి ఎవరికైనా ఒళ్లు మండితే అందులో సగం ఆయన ఖాతాలో వేసుకోండి.

ఆఖరి ఏడాది మాకు పరీక్షంటే ఒక పాట తీయడం. మా జట్టుకి నేను డైరెక్టర్ని. అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లే రోజు మీద మా క్లాసమ్మాయి పాట రాసి పాడింది. హీరో మా క్లాసులోనే ఉన్న ఒక నిర్మాతగారబ్బాయి. నటన వచ్చని కాదు, కారూ కెమెరా వాళ్లవి. పాటలు చూడటానికి ఒక పెద్ద దర్శకుడు వస్తున్నాడనీ, మాలో ఒకరిని అసిస్టెంటుగా పెట్టుకుంటాడనీ స్కూలు వాళ్లు చెప్పారు. గుంటూరులో మా నాన్న ఆ మాట పట్టుకున్నారు. ఆ ఉద్యోగం వస్తే హైదరాబాద్‌లో ఉండు, రాకపోతే వచ్చి మన ఫ్యాన్సీ షాపులో కూర్చో అని ఖాయంగా చెప్పేశారు. ఆ షాపులో గాజుల డబ్బాలు సర్దుతూ ముసలిదాన్నైపోతానని నాకు భయం పట్టుకుంది.

షూటింగుకి ముందు వెళ్లి చోట్లు చూసుకు రావడాన్ని రెక్కీ అంటారు. మేము రెక్కీకి కారులో వెళ్లాం. ఏసీ వేసుకుని, అద్దాలు దించకుండా జూబ్లీ హిల్స్ అంతా తిరిగి ఫొటోలు తీసుకొచ్చాం. పెద్ద పెద్ద గేట్లు, గోడల మీద కాగితప్పూలు, రాళ్ల మధ్య మెట్లు. “ఇది ఫలానా సినిమాలో ఉంది,” అని నిర్మాతగారబ్బాయి చెప్పినప్పుడల్లా మేము తలలూపాం. అప్పటికే పదిమంది వాడేసిన చోటు దొరకడం మాకు గొప్పగా ఉండేది.

మాస్టారు ఫొటోలన్నీ చూశారు. “ఇవి కారు చూసొచ్చినవి. మీరేం చూశారు?”

“అన్నీ మంచి లొకేషన్లే కదా సార్,” అన్నాడు నిర్మాతగారబ్బాయి.

“ఇల్లు ఖాళీ చేసేవాడి పాటకి ఈ గోడలెందుకయ్యా? వీటి వెనకున్నవాళ్లు ఖాళీ చేయించే రకం.”

అప్పుడు చెప్పారు ఆయన పద్ధతి. నచ్చిన చోటికి కెమెరా లేకుండా వెళ్లాలి. ఎవరైనా దగ్గరికొచ్చి ‘ఎవరు మీరు, ఏం కావాలి’ అని అడిగేదాకా నిలబడాలి. “ఎవరూ అడగని చోట పాట తీయొద్దు. అక్కడ మనుషులు లేరని లెక్క,” అన్నారు.

మర్నాడు తలకి తడి తువ్వాలు చుట్టుకుని మాతో ఆయనే వచ్చారు. జూబ్లీ హిల్స్‌లో మాకు బాగా నచ్చిన సందులో నిలబడ్డాం. వాచ్‌మన్ వచ్చి అడగ్గానే హమ్మయ్య అనుకున్నాం. “జీతానికి అడిగినవాడు లెక్కలోకి రాడు,” అన్నారు మాస్టారు. కార్లు పోతూనే ఉన్నాయి, ఒక్క అద్దమూ దిగలేదు. ఒకావిడ కుక్కని నడిపించుకుంటూ వెళ్లింది. కుక్క ఆగి మమ్మల్ని చూసింది, ఆవిడ దాన్ని లాక్కుపోయింది. “దానికున్న పాటి మర్యాద ఈ వీధిలో ఇంకెవరికీ లేదు,” అన్నారాయన.

ఎండకి తట్టుకోలేక నిర్మాతగారబ్బాయి వెళ్లి సందు చివర ఫోన్ మాట్లాడొచ్చాడు. కాసేపటికి ఒకతను చేతులు కట్టుకుని వచ్చి, “ఎవరండీ మీరు? ఏం కావాలండీ?” అని అప్పజెప్పాడు.

“నీకా డైలాగు ఎవరిచ్చారు నాయనా?” అన్నారు మాస్టారు.

“బాబుగారేనండీ. నేను వాళ్ల డ్రైవర్నండీ,” అన్నాడతను.

సినిమావాళ్ల పిల్లాడికి తప్ప ఇంకెవరికైనా వస్తుందా ఆ ఆలోచన? ఎవరైనా పలకరించాలంటే పలకరించే మనిషిని కూడా పురమాయించాలనుకున్నాడు. మాస్టారు అతన్ని తిట్టను కూడా లేదు. కొండ దిగి టోలిచౌకి వైపు నడవడం మొదలుపెట్టారు, మేము వెనకాల.

అక్కడ ఒక ఇరుకు సందులో నిలబడితే పక్క డాబా మీద బట్టలారేస్తున్న పెద్దామె వంగి చూసింది. “ఏంది బిడ్డా, ఎప్పటిసంది గీడనే నిలబడ్డరు? ఎవలు మీరు, ఏం గావాలె?”

“మీ డాబా కావాలమ్మా,” అన్నారు మాస్టారు.

“డాబనెట్ల తీస్కపోతరు సారూ? మేం గూడ కిరాయికున్నోళ్లమే. జర పైకి రాండ్రి, ఎండ మస్తుగున్నది.”

పాట అక్కడే తీశాం. తీగ మీది చీరలు తీసేద్దామని నిర్మాతగారబ్బాయి అంటే, “ముందు నిన్ను తీసేస్తా,” అన్నారు మాస్టారు.

పాటల ప్రదర్శన జూబ్లీ హిల్స్‌లో ఒక ప్రివ్యూ థియేటర్లో. మాస్టారు ఆ పెద్దామెని పిలిచారు. ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చి మూడో వరసలో కూర్చుంది. పక్కన నేను, నా పక్కన గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న. మా పాట మొదలై డాబా కనబడగానే ఆమె లేచి నిలబడింది.

“అరె, గది మా డాబనే! గా పచ్చ చీర నాదే!”

ముందు వరసలోంచి ఆ పెద్ద దర్శకుడు వెనక్కి తిరిగాడు. “సైలెన్స్ ప్లీజ్. ఎవరీవిడ?”

నా పని అయిపోయిందనుకున్నాను. మాస్టారు లేచారు. “ఆవిడుండే ఇల్లది. మనం చూడ్డానికొచ్చిన వాళ్లం. తమరు కాసేపు నోరు మూసుకుంటే ఆవిడ చెప్పేది వినబడుతుంది.” పాట మళ్లీ మొదటినుంచి వేయమని ఆపరేటర్‌కి కేక పెట్టారు.

ఉద్యోగం నిర్మాతగారబ్బాయికి వచ్చింది. మాస్టారి మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. బస్సెక్కబోతూ మా నాన్న, “షాపు సంగతి తర్వాత చూద్దాం. ఆ పెద్దావిడ కోసం అంతవాణ్ణి నోరు మూసుకోమన్న మాస్టారి దగ్గరే ఉండి ఇంకా నేర్చుకో,” అన్నారు. అలా ఉండిపోయాను. లొకేషన్లు వెతకడమే ఇప్పుడు నాకు కూడు పెడుతోంది. ఆ దర్శకుడు మొన్న నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ‘నన్ను తీర్చిదిద్దిన చేతులు’ అని వీడియో పెట్టాడు. నాకు తెలిసి ఆయన మాస్టారిని కలిసింది ఆ ఒక్క సాయంత్రమే. సిగ్గులేని జన్మ.

మాస్టారు గుర్తొస్తే నాకు కనబడేది ఆ రెండోసారి వేసిన పాట. పెద్దామె తెర దగ్గరికే వెళ్లిపోయింది. ఏ చీర ఎవరిదో, ఏ కుండీ ఎవరు పెట్టారో వేలు పెట్టి చూపిస్తోంది. ఆ చేతి నీడ నిర్మాతగారబ్బాయి మొహాన్ని పూర్తిగా కప్పేసింది. పక్కనే నిలబడి మాస్టారు, “మరి ఆ లుంగీ ఎవరిదమ్మా?” అని అడుగుతున్నారు.