కుడివైపు పాలు

హీరోయిన్‌కి గొంతు ఇచ్చే అవకాశం మొదటిసారి వచ్చేసరికి మా పాపకి మూడో నెల. వదులుకుంటానా? ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి, పాలు చేపుకొచ్చి రొమ్ములు బిగుసుకుపోతున్నా, ఇంకొక్క సీను, ఇంకొక్క సీను అంటూ ఉండిపోయేదాన్ని. పాప యూసుఫ్‌గూడలో మా ఇంట్లో, అమ్మ దగ్గర డబ్బా పాలు తాగేది.

ఆ హుషారు వారం కూడా నిలవలేదు. కుడి రొమ్ము ఎర్రగా వాచింది, చెయ్యి ఆనిస్తే భగ్గుమంది. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా వణుకు తగ్గలేదు.

మా అమ్మ భీమవరం మనిషి, దేనికైనా మందు ఆవిడ దగ్గరే ఉంటుంది. సందు చివరికి వెళ్లి మల్లెపూలు తెచ్చింది.

"ఇవి రొమ్ముకి కట్టుకో, పాలు ఇంకిపోతాయి. ఈ విషం పాలు బిడ్డకి పడతావేంటే?"

నాకు ఒళ్లు మండింది. చంటిది నా కళ్లలోకి చూస్తూ తాగే ఆ సుఖం ఇంకిపోవాలా? ససేమిరా అన్నాను. అన్నానే గానీ, అమ్మ మాటే నిజమైతే అన్న భయం పోలేదు. పాపని ఎత్తుకుని ముగ్గురం ఆటోలో జూబ్లీహిల్స్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

"పాలు నిలిచి ఇన్ఫెక్షన్ అయింది. ఈ గోలీలు వేసుకో. పాలిచ్చుడు మాత్రం బంద్ చేయకు" అందావిడ.

"ఈ పాలే పట్టమంటారా అండీ?" అని అమ్మ నోరెళ్లబెట్టింది.

"పిల్లకేం గాదమ్మా, ఫికర్ చేయకు. ఆపితేనే చీము పడ్తది."

అంత జ్వరంలోనూ ఎగిరి గంతేయాలనిపించింది. అక్కడే పక్క గదిలో కూర్చుని పాపని కుడివైపు పెట్టుకున్నాను. నోట్లో పెట్టుకుంది, మొహం చిట్లించింది, వదిలేసింది.

"పాలు జర ఉప్పగుంటయి ఇప్పుడు. మళ్ల పెట్టు" అని డాక్టరమ్మ గుమ్మంలోంచి చెప్పింది.

మళ్లీ పెట్టాను, మళ్లీ వదిలేసింది. డబ్బా పాలు మరిగిన మహారాణి కదా. నేను ఇస్తానన్నా ఇదే వద్దంటే ఏం చెయ్యను?

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. పాప అరికాలు వేలితో మెల్లగా గీరింది. ఏడవబోయిన పాప ఒక్కసారిగా పట్టేసింది. ప్రాణం పోయినంత పనైంది, పళ్లు బిగించాను. గుటక వినిపించింది. ఇంకో గుటక. నొప్పిలోంచే ఏదో వదులైనట్టు హాయి మొదలైంది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

అమ్మ కొంగుతో నా కళ్లు తుడిచింది.

"ఆ వైపు ఖాళీ అయ్యేదాకా తియ్యకు" అంది.