హన్నాకు రెండు పాళ్ళు

మా సంఘంలో ప్రతి కష్టానికీ బైబిల్లో ఒక మనిషి ఉండేవాడు. శుక్రవారం ఎవరింట్లో కాటేజీ ప్రార్థన పెట్టుకుంటే వాళ్ళు ముందుగా తమ ఇబ్బంది పాస్టరు గారికి చెప్పుకోవాలి. ఆయన దానికి తగిన మనిషిని ఎంచి వాక్యం చెప్పేవారు. బోరు ఎండిన ఇంటికి, కరువులో వాన తెప్పించిన ఏలీయా. గట్టు తగాదా కోర్టుకెక్కిన ఇంటికి, బావులు వదులుకుంటూ పోయిన ఇస్సాకు. పదో తరగతి తప్పిన పిల్లాడికి, చదువులో అందరినీ మించిన దానియేలు. తాగొచ్చే మొగుడున్న ఇంటికి, ద్రాక్షారసం తాగి ఒళ్ళు తెలియక పడిపోయిన నోవహు, అదీ మొగుడు ఇంట్లో లేని రోజు చూసుకుని. ఇది ఎనభైల్లో గురజాల సంగతి. మాకు హన్నాను ఇచ్చారు.

అప్పటికి మా పెళ్ళయి ఆరేళ్ళు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన మాచర్ల రూట్లో బస్సు కండక్టరు. రోజంతా ఊళ్ళ పేర్లు అరిచి అరిచి, మిగతా మాటలు బస్సులోనే వదిలేసి ఇంటికొచ్చేవాడు. పిల్లలు లేరు.

హన్నాకూ లేరు. ఆమె మొగుడు ఎల్కానాకు ఇంకో భార్య ఉంది, పెనిన్నా. పిల్లలున్న ఆ పెనిన్నా ఏటా పండగకి వెళ్ళినప్పుడల్లా హన్నాను దెప్పేది. హన్నా ఏడ్చి అన్నం మానేసేది. ఎల్కానాకు ఆమె అంటే ప్రేమ, అందుకని బలి మాంసంలో ఆమెకు రెండు పాళ్ళు పెట్టేవాడు. పదిమంది కొడుకులకన్నా నేను నీకు ఎక్కువ కానా అని అడిగాడు కూడా. ఆమె మందిరానికి పోయి పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తే, యాజకుడు ఏలీ చూసి తాగొచ్చిందనుకున్నాడు. చివరికి సమూయేలు పుట్టాడు. ఈ కథ నాకు పాస్టరు గారికన్నా బాగా వచ్చు. మా వంతు వచ్చిన ప్రతిసారీ, ఏలీ దగ్గరికి వచ్చేసరికి ఆయనకు దగ్గు వచ్చేది. నేను ముందే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని.

మా అత్తకు చదువు రాదు. వాక్యమంటే ఆమెకు డాక్టరు రాసిచ్చిన చీటీ. ఎలా రాసుంటే అలా వాడాలి. ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అందరూ ఆమె ఏడుపే చూశారు గానీ తిండి చూళ్ళేదు. రెండు పాళ్ళు తిన్నాకే గదే ఆమెకు కడుపు పండింది."

"అది ప్రేమ కొద్దీ పెట్టాడు అత్తయ్యా, మందు కాదు. పైగా పెట్టింది మొగుడు."

"వాడు బస్సులో ఉంటే ఎవరు పెట్టాల? నేనే పెడతన్నా. తిను."

ఆ ఆదివారం నుంచి నా కంచంలో మాంసం రెండు పాళ్ళు, పైన కార్జం అదనం. ఆమె ఎదురుగా కూర్చుని కంచం ఖాళీ అయ్యేదాకా లేచేది కాదు. ఎనిమిది నెలలు తిన్నాను. జాకెట్లన్నీ పక్కల కుట్లు విప్పించుకోవాల్సి వచ్చింది.

ఒక ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ ముందు వరసలోని పెద్దమ్మ ఒకామె లేచింది. ఈ కాలంలో కూడా దేవుడు ఒక హన్నాను జ్ఞాపకం చేసుకున్నాడని, ఆమె నిండుతనం మనమంతా కళ్ళారా చూస్తున్నామని స్తోత్రం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఎవరా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. వెనకవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. పక్కన మా అత్త ముఖం వెలిగిపోతోంది. తనకంటే ముందు ఊరికి తెలిసిందేమిటా అని కూడా ఆమె అనుకోలేదు.

ఇంటికొచ్చి, కడుపేమీ లేదని నిజం చెప్పాను. ఆమె నా నడుము వైపు చెయ్యి చూపించింది.

"మరి ఇదంతా ఏందే?"

"మీరు పెట్టిందే అత్తయ్యా."

ఆ పూట ఆమె అన్నం తినలేదు. నాకు ఆకలేసింది, తిన్నాను. తింటూనే ఏడ్చాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

ఈ సంగతి శావల్యాపురంలో ఉన్న మా అత్త అన్నగారికి చేరింది. ఆయన అక్కడ సంఘపెద్ద. జిప్పున్న బైబిలు చంకన పెట్టుకుని మరుసటి వారమే బస్సు దిగాడు. మా ఆయన్ని కూర్చోబెట్టి, నేను వింటుండగానే హన్నా కథ మొదటి నుంచీ చదివాడు. మొదట్లోనే ఆగాడు.

"ఒరేయ్ అల్లుడా, ఎల్కానాకు ఇద్దరు. దేవుడేమన్నా కాదన్నాడంట్రా? మా ఊళ్ళో ఒక పిల్లుంది. నెమ్మదస్తురాలు."

పాస్టరు గారు అలాంటి పెళ్ళి చేయరు. చట్టం అసలే ఒప్పుకోదు. పెద్దాయన మాత్రం చేయిస్తానన్నాడు. మా ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. సంచీ భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. మా వైపు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. నేను ట్రంకు పెట్టె దించి చీరలు సర్దుకున్నాను. ఎక్కడికి పోవాలో తెలియలేదు గానీ, పొమ్మనిపించుకుని పోవడం ఇష్టం లేకపోయింది.

ఆ శుక్రవారం ప్రార్థన మా ఇంట్లోనే. పెద్దాయన ఉండిపోయాడు, అయ్యాక నలుగురిలో మాట ఖాయం చేద్దామని. పాస్టరు గారు హన్నా మీద చెప్పారు, దగ్గారు, నీళ్ళు తాగారు. ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆరేళ్ళలో అదే మొదటిసారి.

"నాకు వాక్యం చెప్పటం రాదు. అందరూ హన్నా గురించి చెప్తారు. ఎల్కానా సంగతి మా మావ ఒక్కడే చెప్పాడు, అదీ సగం. మావా, ఇద్దరు పెళ్ళాలున్న ఆ ఇంట్లో పండగపూట ఏడుపు లేకండా ఒక్క ముద్దన్నా తిన్నారా? చూసి చెప్పు."

పెద్దాయన బైబిలు జిప్పు తీయలేదు.

"ఆయన ఆమెని ఒకమాట అడిగాడు. పదిమంది కొడుకులకన్నా నేను ఎక్కువ కానా అని. ఆమె ఏం చెప్పిందో రాయలా. ఏమీ చెప్పలేదు గామాల. నాకు చానా రోజుల్నుంచీ అదే భయం." నా వైపు తిరిగాడు. "ఏమే, పదిమంది సంగతి వద్దు. ఒక్కడి బదులన్నా నేను నీకు సాలనా?"

ఆరేళ్ళూ నేను నా గొడ్రాలితనం గురించే ఆలోచించాను. ఆ మనిషి ఊరుకోవడం వెనక ఇది ఉందని నాకు తట్టనే లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన నా ఏడుపు చూసి, తను చాలడన్నానని అనుకుని కూర్చున్నాడు. నేల చూస్తున్నాడు.

"నోరిప్పి చెప్పవే! వాడు తప్పుగా అనుకుంటన్నాడు!" అంది మా అత్త.

నలభైమంది పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను. "పిల్లలు కావాలి. ప్రార్థన దగ్గర అబద్ధం చెప్పను. కానీ మీరు సాలు. ఎన్నాళ్ళకైనా సాలు."

పాస్టరు గారు ఆమెన్ అన్నారు. భోజనాల దగ్గర మా అత్త అలవాటుగా నాకు రెండు పాళ్ళు వడ్డించింది. నేను ఒక పాలు తీసి ఆయన కంచంలో వేశాను. ఆమె చూసి గిన్నె పక్కన పెట్టింది. పెద్దాయన పెరుగు కోసం కూడా ఆగకుండా బస్టాండుకి వెళ్ళిపోయాడు.

మాకు సమూయేలు పుట్టలేదు. మళ్ళీ మా ఇంటి వంతు వచ్చినప్పుడు పాస్టరు గారు ముందుగా అడగడానికి వచ్చారు. నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది.

"హన్నా వద్దు పాస్టరు గారూ. పిల్లల్లేకండా బాగా బతికినోళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళ సంగతి చెప్పండి. నా కోడలు వింటది."

ఆయన వెతకడానికి రెండు వారాలు తీసుకున్నారు. చివరికి అకుల, ప్రిస్కిల్ల దొరికారు. గుడారాలు కుట్టుకుంటూ, వచ్చినవాళ్ళకి ఇంట్లో చోటిస్తూ బతికిన మొగుడూ పెళ్ళాలు. వాళ్ళకు పిల్లలున్నారని రాయలేదు, లేరనీ రాయలేదు. ఎవరూ వాళ్ళని ఆ మాట అడిగినట్టు లేదు.