పెద్దమ్మ చెప్పిన ఊరు

"మీరెక్కడివాళ్లు?" అని విచారణకు వచ్చిన పట్వారీ అడిగాడు. వారం రోజులుగా నేను నేర్పిన జవాబు మరిచిపోయి, మా పెద్దమ్మ నిండుగా నవ్వి, "సికాకులం, బాబూ. ఊర్లోకి ఎల్లగానే కుడిచేతి పక్క మా ఇల్లే" అంది. (ఆవిడ హిందీ కూడా తెలుగులాగే ఉండేది.) నా నివాస పత్రం అర్జీ మీద అతని కలం ఆగిపోయింది.

ఆ రోజుల్లో మేము నిద్రలో రాష్ట్రం మారినవాళ్లం. మధ్యప్రదేశ్‌లో పడుకుని ఛత్తీస్‌గఢ్‌లో లేచాం. వీధి కుళాయి, భిలాయి ఉక్కు ప్లాంటు సైరన్, ఆరేసిన బట్టల మీద మెల్లగా వాలే ఎర్రదుమ్ము ఎక్కడివక్కడే ఉన్నాయి. టీచర్ ట్రైనింగ్ సీటుకు మాత్రం కొత్త రాష్ట్రంలో పాత కాపురస్తులమని కాగితం తెమ్మన్నారు. నేను ప్లాంటు కూలీల బస్తీ క్యాంప్ 2లో, ఇంట్లోనే పుట్టాను గనుక ఆ సంగతి మా అమ్మకూ మంత్రసానికీ తప్ప ఏ రిజిస్టరుకూ తెలియదు. బడిలో నేను మద్రాసీని. వేసవి సెలవులకు శ్రీకాకుళం వెళితే భిలాయి పిల్లని. ఎలా పిలిచినా పలికేదాన్ని. ఇప్పుడు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు సాక్ష్యం చెబితే తప్ప నేను ఎక్కడిదాన్నీ కాదు.

పక్కింట్లో ఉండే పెద్దమ్మే మొదటి సాక్షి. అందుకే రోజూ సాయంత్రం ఆవిడకు పాఠం. "అడిగితే ఏటి సెప్పాల?" అనేది ఆవిడ. "క్యాంప్ టూ, నలభై ఏళ్లనించి." "మరి ఊరు?" "ఇదే మనూరు పెద్దమ్మా." ఆవిడ నన్ను జాలిగా చూసేది. "ఇదెలాగ ఊరవుద్దే? ఇది డూటీకొచ్చిన సోటు."

పట్వారీ వచ్చిన ఆ మధ్యాహ్నం, ప్లాంటులో రిటైరైన ఎదురింటి సైకిల్ మావ పెద్దమ్మ తప్పును సర్దబోయి, "ముసలావిడ సాబ్, వదిలెయ్యండి. మేమంతా ఇక్కడివాళ్లమే" అన్నాడు. "మీరు?" అని పట్వారీ అనేసరికి ఛాతీ విరుచుకుని, "నానా? విజీనగరం" అన్నాడు. మూడో సాక్షి, చర్చిలో పాటలు పాడే పిన్ని, అబద్ధమాడకూడదని అనకాపల్లి అంది. ఆపైన ఎవరి ఊరి నూతినీళ్లు తియ్యనో ముగ్గురూ వాదులాటకు దిగారు. పట్వారీ నావైపు తిరిగాడు. "ఔర్ తుమ్, బేటీ?" మావాళ్ల ఊరు నేను మొత్తం నాలుగుసార్లు చూశాను. అయినా నా నోరు నన్నడక్కుండానే "శ్రీకాకుళం" అంది.

అతను కలం మూసి చాలాసేపు నవ్వాడు. "మీది ఏ ఊరు సాబ్?" అని మావ అడిగాడు. అతను ఇళ్ల కప్పుల మీదుగా ప్లాంటు పొగగొట్టాలకేసి చెయ్యి చూపించి, "అదిగో, ఆ కిందే ఉండేది. నాకు ఐదేళ్లప్పుడు ఖాళీ చేశాం" అన్నాడు. గొట్టాల పొగ తీరిగ్గా పైకి పోతోంది. నూతినీళ్ల గొడవ ఆగిపోయింది. పెద్దమ్మ అతని గ్లాసులో మళ్లీ టీ పోసి, "అయ్యో, మరి పండక్కి ఎక్కడికెల్తావు, నాయనా?" అంది. అతను టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కలం మళ్లీ తెరిచాడు.

నెల తర్వాత పత్రం వచ్చింది. తాత్కాలికం, ఆరు నెలలకు. ట్రైనింగ్‌వాళ్లకు శాశ్వతమైనదే కావాలి. సీటు పోయింది. ఒక పత్రికలో చేరి, కనబడినవాళ్లందరినీ పేరేమిటి, ఊరేది అని అడిగి రాసుకుంటూ బతికాను. మొన్న భిలాయిలోనే, సుపేలా బజారులో కోహ్కాకి ఆటో ఎక్కితే డ్రైవరు, "దీదీ, మీరెక్కడివారు?" అన్నాడు. ఇప్పుడు మా ఇల్లు ఆ కోహ్కాలోనే. పెద్దమ్మ పోయి చాలా కాలమైంది, పాఠం చెప్పిన పంతులమ్మని నేను మాత్రం ఇంకా ఉన్నాను. "శ్రీకాకుళం" అన్నాను.

శాశ్వత పత్రానికి అప్పుడు పెట్టిన అర్జీకి ఇంతవరకూ జవాబు రాలేదు. రసీదు నా దగ్గరే ఉంది.