పళ్ళ మాస్టారి నుదుటి అచ్చు

మా కింది వాటాలో ఉండే పళ్ళ మాస్టారు ఇంతవరకూ ఎవరికీ పన్ను పీకలేదు, ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నారు. కుర్రతనంలో డ్రాయింగు మాస్టారు ఉద్యోగం కోసం చదివారట. ఉద్యోగం రాలేదు, పిలుపు మాత్రం ఉండిపోయింది. ఆయన మట్టితో చేసిన బొమ్మ చేతివేళ్ళు చూసి ఒక పళ్ళ డాక్టరు, "గోళ్ళు ఇంత బాగా చేసినవాడు పళ్ళు చెయ్యలేడా?" అని పనిలో పెట్టుకున్నాడు.

ఆయన పని చేసే గది ఇంటి వెనక వైపుంది. ఉత్తరం కిటికీ కింద బల్ల, బల్ల మీద చిన్న గ్యాసు దీపం, మైనం, సన్నటి చాకులు. గోడ పొడవునా అరల్లో ప్లాస్టరు దవడలు, ప్రతిదాని మీదా పెన్సిలుతో ఒక అంకె. నాలుగేళ్ళ మా అమ్మాయి, ఇంట్లో పేరు పిడుగు, మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళి, "వీళ్ళందరూ ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగింది. ఆయన చాకు పక్కన పెట్టి, "ఇంకా బిల్లు చూడలేదు తల్లీ" అన్నారు.

పాతికేళ్ళు ఆ బల్ల మీదికి వంగి వంగి మెడ పాడైంది. ఆపరేషన్ చేసి రెండు ఎముకలను కలిపి బిగించారు. అప్పటినుంచి మెడ పైకి ఎత్తలేరు, కిందికి దించలేరు. మామూలు సైకిలు మీద ముందుకు వంగితే చూపు హ్యాండిల్ దాటదు. బస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడితే దిగేసరికి వేళ్ళు మొద్దుబారి, మైనంలో పంటి గీత గీయడానికి రెండు గంటలు ఆగాలి. అందుకే తెలిసిన వెల్డరు ఒకాయన రెండు పాత సైకిళ్ళు కోసి ఒకటిగా అతికి ఇచ్చాడు. వెనక్కి వాలి కూర్చుని, తల వెనక దిండుకు ఆనించి, కాళ్ళు ముందుకు చాపి తొక్కే సైకిలు. వీధిలో దాన్ని పడక్కుర్చీ సైకిలు అంటారు. ఆరేళ్ళుగా దాని మీదే క్లినిక్కి వెళ్తున్నారు. ఆరు కిలోమీటర్లు, రోడ్డు గీత గీసినట్టు తిన్నగా తూర్పుకి.

చిక్కు కిందటేడు వచ్చింది. మాస్టారిని పనిలో పెట్టుకున్న పెద్ద డాక్టరు తప్పుకున్నాక ఆయన కోడలు క్లినిక్ చేతిలోకి తీసుకుంది. పదింటికి తెరిచేది ఎనిమిదిన్నరకి తెరవడం మొదలుపెట్టింది. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు ఆ వేళలోనే వచ్చి పళ్ళు పెట్టి చూసుకుంటారు కాబట్టి, సెట్టు ఆ సరికే అక్కడ ఉండాలి. ఉండటమే కాదు, ఎక్కడ గుచ్చుకుంటోందో చూసి అక్కడికక్కడ అరగదీయడానికి మాస్టారు కూడా ఉండాలి. అంటే ఎనిమిదింటికి రోడ్డు మీద, సూర్యుడికి ఎదురుగా.

మామూలు సైకిలు మీద మనిషి కాస్త వంగుతాడు, టోపీ అంచు దానంతటదే కళ్ళకు అడ్డొస్తుంది. వెనక్కి వాలినవాడి టోపీ అంచు ఆకాశం వైపు చూస్తుంది. పైగా తల వెనక దిండు టోపీని ముందుకు నెడుతుంది, ఎదురుగాలి అంచు కిందికి దూరి పైకి లేపుతుంది. ఆయన ముందు టోపీ పెట్టి చూశారు, అది మూడోరోజు కాలవలో పడింది. నల్లకళ్ళద్దాలు పెట్టారు. చెట్ల నీడ వచ్చినప్పుడల్లా రోడ్డు మీది గుంటలు మాయమయ్యాయి. చివరికి ఒక చేత్తో హ్యాండిల్, రెండో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని తొక్కుతుంటే మా వీధి సెలూనాయన కొట్టు ముందున్న చెత్త డబ్బా తగిలింది.

"మాస్టారూ, నాకు సెల్యూట్ కొడుతున్నారనుకుని నేనూ కొట్టాను గదా!" అన్నాడు సెలూనాయన, డబ్బా లేవనెత్తుతూ.

తరవాతి వారం జరిగినదానికి ఎవరూ నవ్వలేదు. పిడుగును బడి వ్యాను ఎక్కించడానికి వీధి చివర నిలబడ్డాను. నీళ్ళ సీసా మూత జారిపడితే తీసుకోవడానికి అది రెండడుగులు రోడ్డు మీదికి వెళ్ళింది. నేను చెయ్యి పట్టుకుని లాగేసరికి సైకిలు ముందు చక్రం దాని చెప్పుకు జానెడు దూరంలో ఆగింది. బ్రేకు ఊపుకి ముందున్న పెట్టె ఊడి, ఎవరివో పై పళ్ళు రోడ్డు మీద పడ్డాయి. మాస్టారు వాటి వంక చూడలేదు.

"నాకు కనపడలేదు బాబూ," అన్నారు. "బొత్తిగా కనపడలేదు."

నేనేమన్నానో సరిగ్గా గుర్తులేదు. గట్టిగానే అన్నాను.

ఆ సాయంత్రం ఆయనే మెట్లెక్కి మా ఇంటికొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "వచ్చే సోమవారం దాకా బస్సులోనే వెళ్తా. ఈలోగా కంట్లో ఎండ పడకుండా ఏదైనా చేస్తా. సోమవారం పొద్దున నువ్వే చూడు. నువ్వు సరేనంటే ఎక్కుతా, కాదంటే వెల్డరుకి తిరిగిచ్చేస్తా. పిల్ల తండ్రివి, నీ మాటే మాట."

ఆ మాట నా మీద పెట్టి ఆయన దిగి వెళ్ళారు. సైకిలు పోతే బస్సు, బస్సెక్కితే వేళ్ళు, వేళ్ళు పోతే పని. అది ఆయన చెప్పలేదు. నాకు తెలుసు.

నేను చదివింది భౌతికశాస్త్రం. ఎనిమిదింటికి మేడ మీద మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలిచాను. మూడు మీటర్ల డెబ్భై. అంటే సూర్యుడు పదిహేను డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. అడ్డం పెట్టే అంచు కంటికి పది సెంటీమీటర్ల ముందు, రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి. మరీ దిగితే రోడ్డు కనపడదు, ఒక్క సెంటీమీటరు లేస్తే సూర్యుడు కంట్లోకి వస్తాడు. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను.

ఆయన కాగితం చూసి, "ఒక్క సెంటీమీటరా? మా పనిలో అరమిల్లీమీటరు తేడా వస్తే జనం అన్నం మానేస్తారు" అన్నారు.

అన్నట్టే చేశారు. మంచం మీద పడుకుని, పళ్ళకు అచ్చు తీసే ముద్దను నీళ్ళతో కలిపి నుదుటికి పట్టించుకుని, అది బిగిసేదాకా కళ్ళు మూసుకున్నారు. అందులో ప్లాస్టరు పోసి నుదురు తయారుచేశారు. ఆ నుదుటి మీద చిగుళ్ళకు వాడే గులాబీరంగు ప్లాస్టిక్కుతో ఒక పట్టీ పోసి, ఉడికించి, అరగదీసి, ముందువైపు నల్లరంగు వేసిన అట్ట అంచు బిగించారు. కనుబొమల మీద కూర్చోబెట్టి తల వెనక నాడాతో కడితే ఊపినా కదల్లేదు. గాలి దూరడానికి సందు లేదు.

శుక్రవారం బడి వ్యాను వెళ్ళిపోయాక రోడ్డు మీద తొక్కి చూశారు. సెలూనాయన కొట్టు బయటికొచ్చాడు.

"మాస్టారూ, నుదుటికి చిగుళ్ళొచ్చాయి సరే, పళ్ళెప్పుడొస్తాయి?"

"నీ నోట్లోవి రాలిపడగానే పెడతా, ఉండు!"

పాతిక గజాలు బాగానే వెళ్ళింది. అక్కడ రోడ్డు మీద చిన్న మిట్ట ఉంది. మిట్ట ఎక్కగానే సైకిలు ముక్కు లేచింది, ఒక్క క్షణం అంచు కింద నుంచి ఎండ దూరింది. మిట్ట దిగితే సర్దుకోవాలి. సర్దుకోలేదు. ఆయన రెండు కాళ్ళూ నేలకు ఆనించి ఆగిపోయారు. పట్టీ నుదుటి మీదికి ఎగదన్నుకుని ఉంది. మూడుసార్లు అదే చోట అదే జరిగింది. నేను బొమ్మ మళ్ళీ గీశాను, లెక్క మళ్ళీ చేశాను. లెక్కలో తప్పు లేదు.

తప్పు పట్టుకున్నది పిన్నిగారు, అంటే మాస్టారి భార్య. మేమిద్దరం బల్ల ముందు ఆ పట్టీని అటూ ఇటూ తిప్పుతుంటే, గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏవండీ, పళ్ళు పెట్టించుకోడానికి వచ్చినవాళ్ళని మీరేం చేయిస్తారు?"

"ఏం చేయిస్తా?"

"నమలమంటారు, అరవమంటారు, ఆవలించమంటారు. నోరు మూసుక్కూచున్నప్పుడు సరిపోవడం గొప్ప కాదని ముప్పై ఏళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారుగా. మరి మీ నుదుటిని నిద్రపుచ్చి అచ్చు తీశారేం? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది."

మాస్టారు పట్టీని బల్ల మీద పెట్టారు. చేతి అద్దం తీసి దీపం వైపు చూస్తూ కళ్ళు చికిలించారు. కనుబొమల మధ్య చర్మం ముడుచుకుని బొటనవేలంత ఉబ్బింది. పట్టీ పెట్టుకుని మళ్ళీ చికిలించారు. ఆ ఉబ్బు పట్టీని కిందనుంచి ఎత్తింది.

అప్పుడు నాకూ అర్థమైంది. ఎండ పడితే చికిలిస్తారు, చికిలిస్తే పట్టీ లేస్తుంది, పట్టీ లేస్తే ఇంకా ఎండ పడుతుంది. ఎండ లేనంతసేపూ బ్రహ్మాండంగా పనిచేసే వస్తువు అది.

"అయితే చికిలించిన నుదుటికి అచ్చు తీయాలి," అన్నారు మాస్టారు.

"ఇక్కడ దీపం ముందు నాటకం ఆడితే రాదు," అంది పిన్నిగారు. "ఎక్కడ చికిలిస్తారో అక్కడే తీయాలి."

ఆదివారం ఎనిమిదింటికి వీధి వీధంతా చూసింది. మాస్టారు సైకిలు మీద తూర్పు ముఖంగా వాలి కూర్చున్నారు. నేను వెనక పట్టుకున్నాను. పిన్నిగారు రబ్బరు గిన్నెలో నీలంరంగు ముద్ద కలుపుతోంది.

"సూర్యుణ్ణి నేరుగా చూడకండి మాస్టారూ, రోడ్డు చూడండి," అన్నాను. అప్పటికి అయిదుసార్లు అన్నాననుకుంటా.

"బాబూ, నువ్వు పట్టుకుంది సైకిలా, నన్నా?"

ముద్ద నుదుటికి పట్టించారు. రెండు నిమిషాలు కదలకూడదు. బుగ్గ మీదికి కారిన చుక్కను పిన్నిగారు కొంగుతో తుడిచింది. సెలూనాయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇంత కష్టం దేనికి మాస్టారూ? నా దగ్గర గొడుగుంది."

"నవ్వించకు," అన్నారు మాస్టారు పెదాలు కదపకుండా. "నవ్విన నుదురొస్తుంది."

పిడుగు పిట్టగోడ మీద కూర్చుని గట్టిగా అంకెలు లెక్కపెట్టింది. దానికి ఇరవై తొమ్మిది తరవాత ముప్పై రాదు, మళ్ళీ ఇరవై వస్తుంది. ఎన్ని ఇరవైలు అయ్యాయో తెలీదు గాని ముద్ద బిగిసింది. రాత్రికి రెండో పట్టీ తయారైంది. లోపలివైపు కనుబొమల మధ్య ఒక గుంట ఉంది, అందులో నా బొటనవేలు సరిగ్గా పట్టింది. చికిలించకపోతే ఆ గుంట ఖాళీగా ఉంటుంది, చికిలిస్తే చర్మం వెళ్ళి అందులో కూర్చుంటుంది.

సోమవారం. ఆయన వేగానికి ఆగడానికి ఎనిమిది మీటర్లు పడుతుందని లెక్కేసుకున్నాను. రెట్టింపు దూరం నుంచి కనపడితేనే ఒప్పుకోవాలనుకున్నాను. వ్యాను రావడానికి ఇంకా పావుగంట ఉంది. వీధి చివర వ్యాను ఆగే చోట, పిడుగును అక్కడి ఇంటి గేటు లోపల మెట్టు మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, రోడ్డు అంచున నిలబడ్డాను. మా ఇంటి వైపు నుంచి, మిట్ట అవతలినుంచి, సూర్యుడికి ఎదురుగా ఆయన రావాలి. నేను చేతులు ఎత్తుతాను, కరెంటు స్తంభం దాటేలోపు ఎన్ని వేళ్ళో ఆయన అరవాలి. స్తంభం నాకు పదహారు మీటర్ల దూరంలో ఉంది.

మిట్ట మీద గులాబీరంగు పట్టీ కనపడింది. సైకిలు ముక్కు లేచి దిగింది. పట్టీ లేవలేదు.

"రెండు!"

సరే. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చారు. ఈసారి నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"ఏం పెడతావో పెట్టవయ్యా, చేతులు జేబులోంచి తీసి!"

అప్పటికే సరిపోయింది. అయినా మూడోసారి రమ్మన్నాను. ఆయన సైకిలు తిప్పుకున్నారు. పిన్నిగారు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి నన్ను చూస్తోంది. నేను మూడు వేళ్ళు ఎత్తాను. మిట్ట దిగారు. స్తంభానికి ఇంకా చాలా దూరం ఉండగానే బ్రేకులు కీచుమన్నాయి. సైకిలు స్తంభం అవతలే ఆగిపోయింది. ఓడిపోయారనుకున్నాను.

"నీవి మూడు," అని అరిచారు. "వెనకున్న పిల్లవి అయిదు! ముందు దాన్ని పట్టుకో!"

తిరిగి చూశాను. పిడుగు నా వెనక రోడ్డు మీద నిలబడి, అరచెయ్యి చాచి ఆయనకు చూపిస్తోంది. అది మెట్టు దిగడం, గేటు దాటడం నేను చూడలేదు.

దాన్ని ఎత్తుకున్నాను. మాస్టారు నెమ్మదిగా తొక్కుకుంటూ వచ్చి పక్కన ఆగారు. పెట్టెలో ఆ రోజు ఇవ్వాల్సిన సెట్టు గుడ్డలో చుట్టి ఉంది.

"ఏమంటావు బాబూ?"

"వెళ్ళిరండి మాస్టారూ," అన్నాను. "ఎనిమిదిన్నర అయిపోతుంది."

ఆ పట్టీ పెట్టుకునే ఇప్పటికీ వెళ్తున్నారు. సూర్యుడి ఎత్తు మారుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి కర్ర నీడ కొలిచి అంకె ఇస్తాను, ఆయన అట్ట అంచు కత్తిరించి కొత్తది బిగిస్తారు. నడి చలికాలంలో ఎనిమిదింటికి రోడ్డంతా మంచు, ఎండకు తెరలా తెల్లగా మెరుస్తుంటుంది. ఆ మెరుపుకి అడ్డం పడుతూ రోడ్డు కనపడనిచ్చే అంచు దేనితోనూ కుదరదు. ఆ మూడు వారాలు మాస్టారు పది నిమిషాలు ముందే బయల్దేరి, మిట్ట దగ్గర దిగి, వ్యాను ఆగే చోటు దాటేదాకా సైకిలు నడిపించుకుంటూ వెళ్తారు. అలా చెయ్యమని ఆయన్ని నేను అడగలేదు.