దాదీ కొమ్ముచెంబు

మొన్న తెనాలి ఇంట్లో అటక దులుపుతుంటే మా దాదీ, అంటే నాన్నమ్మ, వాడిన కొమ్ముచెంబు దొరికింది.

దాదీకి పక్షవాతం వచ్చాక ఎదురింటి సువార్తమ్మ ఆంటీ రోజూ మధ్యాహ్నం వచ్చి, ఒళ్లు తుడిచి, పక్క మార్చేది. మా ఇంట్లో టీ కూడా తాగేది కాదు. అదే అబ్బాకి, అంటే మా నాన్నకి, అనుమానం.

"ఊరికే ఎవరు చేస్తారు? దాదీని వాళ్ల మతంలో కలిపేస్తుందేమో, ఓ కన్నేసి ఉంచు" అన్నారు నాతో.

బైబిలు కోసం ఆమె సంచి వెతికాను. తువ్వాలు, కొబ్బరినూనె సీసా ఉన్నాయి. అయినా నమ్మలేదు. తలుపు సందులోంచి ఆమె చేతుల్నే చూసేదాన్ని.

ఒకరోజు తడిచేత్తో దాదీ తల నిమురుతూ కనిపించింది.

"అబ్బా! బాప్తిస్మం ఇచ్చేస్తోంది!" అని అరిచాను.

అబ్బా పరుగున వచ్చారు. "ఏంటమ్మా ఇది?"

ఆంటీ కంగారుపడింది. దాదీయే వంకరపోయిన నోటితో కూడబలుక్కుని చెప్పింది. "వజూ చేయిస్తోందిరా. ఏది ముందో ఏది తర్వాతో నాకు గుర్తుండట్లేదు. ఎవరినో అడిగి నేర్చుకొచ్చింది."

వజూ అంటే నమాజుకు ముందు చేసే శుద్ధి: చేతులు, నోరు, ముఖం కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకుని, చివర్న కాళ్లు కడుక్కుంటాం. నేను చూసింది ఆ తల తుడవడం ఒక్కటే. దాదీ మతానికి అంత కాపలా కాశాం గానీ, ఆమె నమాజు ఆగిపోయిందని ఇంట్లో ఒక్కరమూ గమనించలేదు.

అబ్బా తల దించుకున్నారు.

"ఇంకా కాళ్లు మిగిలాయండి" అంటూ ఆంటీ నేల మీద కూర్చుని, ఈ కొమ్ముచెంబే నా చేతికిచ్చింది. "నువ్వు పొయ్యమ్మా, నేను కడుగుతా."