గురిగిలో మందు

నా చేతి కట్టుతో బతికామని చెప్పుకునేవాళ్లు జనగామలో కొందరున్నారు. ఒకణ్ని మాత్రం నేను పటాకాలా పేల్చబోయాను. ఆ సంగతి చెబుతాను. మీ చేతిలో చుట్ట ఉంటే ముందు ఆర్పేయండి.

అవి సాయుధ పోరాటపు రోజులు. ఏ ఊరి నుంచి ఎప్పుడు తూటా దెబ్బ తిన్నవాడు వస్తాడో తెలియదు. అందుకే మా డాక్టరుగారు కాంపౌండర్లమైన మమ్మల్ని కూర్చోబెట్టి ఆపదలో ఏం చెయ్యాలో నేర్పేవారు.

"ఎంత భయమైనా, వాసన చూడకుంట మందు పెట్టొద్దు. గది ఏం మందో అడగకుంట ముట్టొద్దు!"

అందరికంటే గట్టిగా తల ఊపింది నేనే. ఆ తలలోకి ఏమీ దిగలేదని తర్వాత తెలిసింది.

ఒక ముసురు రోజు బచ్చన్నపేట వైపు నుంచి మల్లక్క వచ్చింది. తమ్ముడు సాయిలుకు పిక్కలో తూటా తగిలిందట. దొర పట్నం పారిపోయాక ఖాళీగా పడి ఉన్న అతని కోటలాంటి గడిలో దాచారట. మందు పక్కింట్లో దాచి ఉందట, డాక్టరుగారు కట్టుగుడ్డలిచ్చి నన్ను పంపారు. మేం చేరేసరికి పొద్దు గూకింది.

వెట్టికి ఎదురు చెప్పి, దెబ్బలు తిని ఆ గడిలోనే చచ్చిపోయినవాడు ఇప్పటికీ పిలుస్తుంటాడని మల్లక్క దారిలో చెప్పింది. చెప్పకపోతే ఆమె సొమ్మేం పోయేదో!

"లోపలి అర్రల పండవెట్టినం. నువ్వు నడువు, నేను దీపం, మందు పట్టుకొస్త," అని ఆమె పక్కింటికి వెళ్లింది.

లోపల చీకటి. ఎవరూ కూర్చోని ఉయ్యాల బల్ల కిర్రుమంటూ ఊగుతోంది. గాలే అనుకున్నాను. గాలి ఆగింది, ఉయ్యాల ఆగలేదు. అంతలో ఎక్కడి నుంచో ఒక గొంతు.

"మందు..."

"ఎ... ఎవరు?"

"మూలకు... గురిగిల... మందు..."

తడుముకుంటూ వెళితే ఒక కాలు నా చేతికి తగిలింది. చల్లగా ఉంది. రక్తం వెచ్చగా అంటాక, దయ్యం కాదులే అని కాస్త కుదుటపడ్డాను. మూలన చిన్న మట్టి గురిగి, అందులో పొడి. వాసన చూడలేదు. ఊపిరి ఆడితే కదా చూడటానికి! గాయం నిండా దండిగా అద్ది, కట్టు కట్టేశాను.

"వద్దు... వద్దు..."

"మంట ఉంటదన్నా, జర ఓర్చుకో!"

మల్లక్క వచ్చి దీపం కాలి దగ్గరికి వంచింది.

"గిదేంది గింత నల్లగుంది? ఏం పెట్టినవ్?"

"గురిగిల మందు."

"అయ్యో, గది తుపాకి మందు!"

దీపానికీ కట్టుకీ మధ్య జానెడు దూరం. సాయిలు కళ్లు నా మీదే ఉన్నాయి. ఉయ్యాల చప్పుడు కూడా ఆగిపోయింది. ఊదితే రవ్వ రాలుతుందేమోనని మల్లక్క దీపాన్ని అలాగే పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గడప దాటి, దాన్ని బయట పెట్టి వచ్చింది. ఆ చీకట్లోనే గాయాన్ని కడిగి, కడిగి, అసలు మందు పెట్టాం. కడుగుతున్నంతసేపూ నేను ఏడుస్తూనే ఉన్నాను. అతను చస్తే నా చేతుల్లోనే చచ్చేవాడు.

"మూలకు మందుంది, దీపం తేవొద్దని మొత్తుకుంటనే ఉన్న గదయ్యా!" అన్నాడు సాయిలు, గొంతు కాస్త పెగిలాక.

కాలు బాగైంది. కానీ ఇప్పటికీ నేను వాళ్లింటికి వెళితే మల్లక్క పొయ్యి ఆర్పి గానీ తలుపు తీయదు.

అందుకే ఆ పిక్క సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట సాక్షాత్తూ దయ్యమే వచ్చి "మందు" అని మూలిగినా సరే, "పూసేదా, తాగేదా, పేలేదా?" అని అడగనిదే చెయ్యి కదపను.