నేను వెళ్ళని పన్నెండు ఇళ్ళు

దెయ్యమనీ, గాలి సోకిందనీ ఎవరైనా చెబితే మా ఇంట్లో మొదట నవ్వేది నేనే. ఇంటర్లో బైపీసీ చదివాను. కంటికి కనిపించనిది ఉందంటే మైక్రోస్కోపు కింద పెట్టి చూపించమనేదాన్ని. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో భయం కంటే నా సిగ్గే ఎక్కువ.

మాది మార్కాపురం. నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొదటిసారి నీట్ రాసినప్పుడు కొద్దిలో సీటు పోయింది. మళ్ళీ రాయాలనుకున్నాను కానీ కోచింగ్ హాస్టల్లో ఇంకో ఏడాది ఉండే ఓపిక లేదు. ఇంట్లోనే చదువుకుంటాననీ, వారానికి మూడు రోజులు ఏదైనా నలుగురికి పనికొచ్చే పని చేస్తాననీ చెప్పాను. "డాక్టరయ్యేదానివి. రోగం ఎట్ల ఉంటాదో ముందే చూస్తే మంచిదేలే" అన్నాడు నాయన.

పుల్లలచెరువు మండలంలో మా పిన్ని ఆశా వర్కరు. అడవి అంచు ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి బీపీ చూసేవాళ్ళు కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ అడుగుతోందని ఆమే చెప్పింది. రెండు రోజులు నేర్పించారు. చేతికి పట్టీ కట్టే మిషను, ఒక ఫోను, నంబర్లు వేసిన ఒక చీటీల పుస్తకం ఇచ్చారు. బీపీ అంకెలు ఫోన్లో ఎక్కించాలి. బాగా ఎక్కువున్నవాళ్ళకు చీటీ రాసి, చించి ఇచ్చి, ఆ రోజే పెద్దాసుపత్రికి పంపించాలి.

మొదటి రెండు నెలలు ఇష్టంగానే చేశాను. ముసలివాళ్ళు నన్ను డాక్టరమ్మా అని పిలిచేవాళ్ళు. కాదని ఒక్కరికీ చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పిన్ని వాళ్ళ ఊళ్ళో పన్నెండు ఇళ్ళు మిగిలాయి. అన్నీ ఊరికి దూరంగా, గొర్రెల దొడ్ల వైపు ఉన్నాయి. కిలోమీటరున్నర నడవాలి. ఆ ఉదయమే నాతోపాటు చదివి సీటు తెచ్చుకున్న స్నేహితురాలు తెల్లకోటులో దిగిన ఫొటో పెట్టింది. అది చూశాక నాకు దేని మీదా మనసు నిలవలేదు. అన్నం తిని, పిన్ని ఇంట్లో ఫ్యాను కింద చాప వేసుకుని, ఆమె రిజిస్టరు తీసుకున్నాను. అందులోని పేర్లు, వయసులు చూస్తూ పన్నెండు మందికీ బీపీ నేనే కల్పించి ఎక్కించాను. అందరికీ ఒకే అంకె పడితే అనుమానం వస్తుందని కొంచెం కొంచెం మార్చాను. పిన్ని గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పాత లెక్కలు ఎక్కిస్తున్నాననుకుంది. నేను అట్లాగే నిద్రపోయాను. నాలుగింటికి ఆమే టీ ఇచ్చి లేపింది.

మూడు వారాల తర్వాత మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. ఆటో దిగగానే ఒకామె ఎదురొచ్చింది. దొడ్ల వైపు ఉండే దీనమ్మ కోడలినని చెప్పింది. "మా అత్త నిన్ను చూడాలంటాంది, రామ్మా" అంది. దొరికిపోయాననుకున్నాను.

రేకుల ఇల్లు. దీనమ్మవ్వ మంచం మీద కూర్చుని ఉంది. ఆమెను చూడటం నాకు అదే మొదలు. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చినావా తల్లీ. ఆ పొద్దు నువ్వు రాకపోతే నేను మట్టిలో ఉండేదాన్ని."

తలనొప్పితో పడుకుని ఉంటే నేను వచ్చానంది. "పట్టీ కట్టి రెండుసార్లు చూసినావు. ఇప్పుడే పో అవ్వా, రేపటిదాకా ఆగొద్దని నా చెప్పులు కూడా నువ్వే తెచ్చి కాళ్ళకాడ పెట్టినావు." ఆ సాయంత్రం ఆలస్యం చేసుంటే తలలో నరం చిట్లేదని ఆసుపత్రిలో చెప్పారట.

"వేరే ఎవరో అయ్యుంటారు అవ్వా" అన్నాను.

"నేనూ ఇంట్లోనే ఉన్నా గదమ్మా. ఈ బ్యాగే, ఈ కళ్ళద్దాలే" అంది కోడలు. బైబిలు అట్టలోంచి మడతపెట్టిన చీటీ తీసి ఇచ్చింది.

దీనమ్మ, అరవై ఏడేళ్ళు, బీపీ 214/122. ఇంగ్లీషులో నా చేతిరాత. ఏడు అంకెకు నడుమ అడ్డగీత పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ గీత ఉంది. కింద నా సంతకం, నేను ఫ్యాను కింద పడుకున్న రోజు తేదీ. నా బ్యాగులోని పుస్తకం తీసి చూశాను. ఆ నంబరు చీటీ చించి ఉంది. ముందుదీ తర్వాతదీ ఎవరికి రాశానో గుర్తుంది. ఇది గుర్తు లేదు. ఫోన్లో మాత్రం అదే రోజు మధ్యాహ్నం ఆమె పేరున నేను కల్పించిన 128/82 అట్లాగే ఉంది.

నిజం చెప్పలేదు. అవ్వ సంచిలో పెట్టిచ్చిన మునక్కాయలు కూడా తీసుకుని బయటికి వచ్చాను.

వెంటనే మిగతా పదకొండు ఇళ్ళకూ వెళ్ళాను. ఇద్దరికి బీపీ ఎక్కువుంది, చీటీలు రాశాను. అన్నీ చుట్టి వచ్చాక చివరిది గొర్రెలు కాసే కాశయ్య ఇల్లు. దీనమ్మ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య కంపకంచె ఒక్కటే అడ్డం. కాశయ్య మంచంలో ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి.

"పడిపోయి రెండు వారాలైందమ్మా" అంది ఆయన భార్య. "పక్కింటికి వచ్చినావంట గదా. మా ఇంటిదాకా ఎందుకు రాలేదో అనుకున్నాం." మామూలుగానే అడిగింది.

ఆయన పేరు మీద నేను 120/80 అని ఎక్కించాను.

"ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందమ్మా" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు.

పిన్నిని అడిగాను. "ఏందే, నేను గడపలోనే కూర్చున్నా గదా. నన్ను దాటకుండా యాడికి పోతావు?" అంది. చీటీ ఆమె రాసిందనుకుందామంటే పిన్నికి ఇంగ్లీషు అక్షరాలు రావు. సంస్థలో నాలాంటివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు ఆ రోజు పెద్దారవీడు మండలంలో ఉన్నారు. నిద్రలో నడిచానేమోనని కూడా ఆలోచించాను. మండే ఎండలో రానూపోనూ మూడు కిలోమీటర్లు నడిచి, దారిలో ఎవరికీ కనబడకుండా తిరిగొచ్చి పడుకున్నానంటే నాకే నమ్మకం కుదరదు. మిగతా పది ఇళ్ళవాళ్ళు ఆ రోజు ఎవరూ రాలేదనే చెప్పారు.

తర్వాతి మీటింగులో సంస్థవాళ్ళు దీనమ్మ సంగతి చెప్పి నాకు చప్పట్లు కొట్టించారు. లేచి నిలబడ్డాను. దొంగ అంకెల గురించి, పొరపాటున తప్పు ఎక్కాయని మాత్రమే చెప్పి దిద్దించాను.

ఆ ఏడాది మిగిలిన వారాలన్నీ కాశయ్య ఇంటికి వెళ్ళాను. ఆసుపత్రిలో చూపించినట్టు చేతికి, కాలికి వ్యాయామం చేయించేదాన్ని. కర్ర పట్టుకుని వాకిట్లోకి రాగలిగాడు. దొడ్డిదాకా పోలేకపోయాడు. గొర్రెలు అమ్మేశారు.

రెండోసారి రాసిన నీట్‌లో నాకు సీటు వచ్చింది. కాలేజీకి వెళ్ళే ముందు ఆ ఇంటికి వెళ్ళి, కాశయ్య భార్యకు మొత్తం చెప్పాను. ఫ్యాను కింద పడుకున్నదీ, అంకెలు కల్పించిందీ, దీనమ్మ ఇంటికి నేను పోనే లేదన్నదీ. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"మరి ఆ ఇంటికి వచ్చింది ఎవరు?"

"తెలియదమ్మా."

ఆమె కంచె అవతలి ఇంటి వైపు చూసింది. "ఎవరైతేనేంలే" అంది. "ఇంకో పది అడుగులు వేసుంటే బాగుండేది."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ఇప్పుడు మెడిసిన్ రెండో ఏడాదిలో ఉన్నాను. ఏడు అంకె రాసి అడ్డగీత పెట్టినప్పుడల్లా ఆ పది అడుగులు గుర్తొస్తాయి.